మేడమీద ఆపిల్: అన్నా రకమా, హెచ్‌ఆర్‌ఎంఎన్‌-99నా?

పేరుకి అన్నే గానీ విశాఖలో ఈ రకం మన మాట వినదు. ఇజ్రాయెల్‌లో పుట్టింది, ఏడు డిగ్రీల లోపు చలి 200–300 గంటలు కోరుతుంది. అంత చలి లంబసింగి వైపు వెతుక్కోవాలి, ఎంవీపీ కాలనీ మేడమీద ఎక్కడిది? పైగా పక్కన డోర్సెట్ గోల్డెన్ లాంటి ఇంకో ఆపిల్ రకం తోడు చెట్టుంటేనే కాపు బాగుంటుంది.

హెచ్‌ఆర్‌ఎంఎన్‌-99 హిమాచల్‌లోని బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ వేడి పల్లపు కొండల్లో పెంచిన రకం. 2025లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మన ఎండకి నా ఓటు దీనికే. కుండీ మాత్రం పెద్దది కావాలి, తుఫాను గాలికి ఊతకర్ర తప్పదు.

వంటలో మాత్రం అన్నాకే మార్కులు. కరకరలాడుతూ పుల్లతీపిగా ఉంటుంది. తురిమి, ఆవపిండి, పచ్చిమిర్చి వేసి పెరుగుపచ్చడి చేస్తే అదిరిపోతుంది. త్వరగా మెత్తబడుతుంది కాబట్టి దాచకండి. హెచ్‌ఆర్‌ఎంఎన్‌ని పచ్చిగా ఉండగానే కోసి పప్పులో వేస్తాను.