పాత కారు షెడ్డు, టేకు తలుపులు: నాలుగు వర్షాకాలాలు వాడాక నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. పాత టేకు తలుపులు పీకించి రోలింగ్ షట్టర్ పెట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తుంటే, డబ్బు కట్టే ముందు ఆ తలుపు అడుగున జానెడు మేర చూడండి. కుళ్ళేది దాదాపు ఎప్పుడూ అక్కడే. ఆ పైన ఉన్న చెక్క చేవ చావకుండా ఉంటే షట్టర్ అవసరం లేదు. మాది కాకినాడలో 1960లలో కట్టిన ఇల్లు. పక్కనే కారు షెడ్డు, పడమటి ముఖంగా రెండు రెక్కల టేకు తలుపు. 2021 వేసవిలో పని పెట్టుకున్నాను. నాది బ్యాంకు ఉద్యోగం, వడ్రంగం సెలవు రోజుల సరదా. కాబట్టి ఇది మేస్త్రీలు చదివి మెచ్చుకునే సమీక్ష కాదు, నాలాంటి వాళ్ళ కోసం రాసింది.

షెడ్డు కొలతల సంగతి ముందు. దీన్ని అంబాసిడర్ కోసం కట్టారు. ఆ కారు వెడల్పు 1.66 మీటర్లు, మా తలుపు వాకిలి ఏడడుగులు, అంటే 2.13 మీటర్లు. ఇప్పుడు మాకున్న బ్రెజా వెడల్పు 1.79, అది అద్దాలు కాకుండా. అద్దాలు మడిచి తిన్నగా తోలితే లోపలికి వెళ్తుంది, ఇన్నేళ్ళూ వెళ్తూనే ఉంది. కానీ లోపల ఒక గోడకి ఆనించి ఆపితే తప్ప డ్రైవరు దిగలేడు. మీ షెడ్డు కూడా అంబాసిడర్ నాటిదైతే, చెక్కపని మొదలెట్టే ముందు టేపు పెట్టి చూసుకోండి.

ఇక తలుపులు. ఒక్కో రెక్క మూడున్నర అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, అంగుళం మందం పలకలు. అడ్డ పట్టీలు, బందులతో కలిపి అరవై కిలోల దరిదాపు తూగుతుంది. ఒక్కడే దింపాలనుకోవద్దు. రెక్క కింద కారు జాకీ పెట్టి మెల్లగా లేపితే, గోడలో పాతిన ఇనుప కొక్కేల మీంచి బందులు వాటంతటవే పైకి వచ్చేస్తాయి. పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు. మా బావమరిది వచ్చాడు, భోజనం పెట్టాను, లెక్క సరిపోయింది.

దింపి చూస్తే కింది ఆరంగుళాలు వేలితో పొడిస్తే దిగబడేలా ఉంది. పలక తెగిన కొస నీళ్ళని పీల్చుకున్నంతగా పక్కలు పీల్చుకోవు. వాన పడ్డప్పుడల్లా ఆ కొస నేలమీది తడిలో నానుతూ వచ్చింది. కుళ్ళిన మేర కోసేసి కొత్త టేకు ముక్క అతికించాను. అతుకు కోతని అడ్డంగా తిన్నగా కొయ్యకుండా బయటి వైపుకి వాలేలా కోస్తే, అతుకులో నీళ్ళు నిలవకుండా బయటికి జారతాయి. జిగురుకి ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు, వాడాను. తెల్ల జిగురుల్లో ఫెవికాల్ మెరైన్ కూడా కొన్ని అతుకులకి పెట్టి చూశాను. లోపలి వైపు అతుకులు దానితోనే ఉన్నాయి, ఇప్పటిదాకా విడిపోలేదు. బయట మాత్రం ఎపాక్సీయే నమ్ముతాను. కొత్త కొసలన్నింటికీ పల్చటి ఎపాక్సీ ఇంకినంత మేర పట్టించాను. నేల నుంచి ముప్పావు అంగుళం ఎడం ఉంచాను. ఈ మొత్తం పనిలో నూటికి నూరు మార్కులు వేసేది ఈ రెండింటికే. ఇవాళ్టికీ ఆ కింది భాగం గట్టిగానే ఉంది.

ఆ ఎడంలోంచి ఎలుకలు వస్తాయని ఒక రబ్బరు పట్టీ బిగించి చూశాను. వాన వెలిశాక కూడా దాని వెనక తడి ఆరేది కాదు. ఏ తడి పోగొట్టడానికి ఇంత కష్టపడ్డానో దాన్నే దాచి పెట్టే పట్టీ అది. తీసి పారేశాను. బ్రష్ లాంటి పీచు పట్టీ దానికన్నా నయం, గాలి ఆడుతుంది. ఎలుకలు దాన్ని కొరుకుతాయి, అప్పుడప్పుడు మార్చాల్సిందే.

కుడి రెక్క ఏళ్ళ తరబడి నేలకి రాసుకుంటూ ఉండేది. బందులు వదులయ్యాయని అందరూ అనేవారు, పాత వడ్రంగులు ఇద్దరు బందులు మార్చారు కూడా. అసలు సంగతి తలుపు వెనక మూల నుంచి మూలకి వేసే ఏటవాలు పట్టీలో ఉంది. చెక్క పట్టీ బరువుని మోసేది నొక్కుడు పడ్డప్పుడు. కాబట్టి అది కింది బందు దగ్గర మొదలై గడియ వైపు పై మూలకి ఎక్కాలి. మాది పై బందు దగ్గర మొదలై కిందికి దిగుతోంది. ఆ దిశలో పని చెయ్యాలంటే చెక్క కాదు, లాగి పట్టే ఇనుప కడ్డీ ఉండాలి. పట్టీ విప్పి తిప్పి వేశాక రెక్క మళ్ళీ జారలేదు. పైసా ఖర్చు లేని బాగు ఇదొక్కటే. మీ తలుపు జారితే స్క్రూలు బిగించే ముందు ఆ పట్టీ ఎటు వాలి ఉందో చూడండి.

పలకల మధ్య సందులు లప్పంతో పూడ్చమని రంగుల షాపులో చెబుతారు. వద్దు. జూలై వచ్చేసరికి పలకలు ఉబ్బుతాయి, ఏప్రిల్‌కి ముడుచుకుంటాయి. సందు పూడిస్తే ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి తోసుకుని పలక వంగుతుంది, ముడుచుకున్నప్పుడు లప్పం రాలుతుంది. రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదిలేశాను. ఒక్కో పలకని నడిమధ్య స్క్రూతో అడ్డ పట్టీకి పట్టించాను, అంచులకి ఏమీ పెట్టలేదు. వర్షాకాలంలో మూసుకునే సందు వేసవిలో తెరుచుకుంటుంది. లోపలికి వెలుగు గీతలు పడతాయి, మా ఆవిడకి అది నచ్చదు, నాకు నచ్చుతుంది.

స్క్రూల గురించి కాస్త చెప్పాలి. సముద్రం ఇంత దగ్గర ఉన్న ఊళ్ళో మామూలు ఇనుప స్క్రూ టేకులో పెడితే చుట్టూ నల్లగా మారుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాను. తుప్పు తినలేదు గానీ పైన టీ రంగు మరకలు వచ్చాయి, ఉప్పుగాలికి అది మామూలే. కొన్ని చోట్ల ఉప్పుగాలికి ఇంకా బాగా తట్టుకునే 316 రకం స్టీలు పెట్టాను, అవి ఇంకా మెరుస్తున్నాయి. ధర ఎక్కువే అయినా, పట్టేవి కొన్ని డజన్లే కాబట్టి అక్కడ పొదుపు వద్దు. ఇత్తడి స్క్రూలు అందంగా ఉంటాయి కానీ మెత్తన. ముందు బరమాతో రంధ్రం వేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి తిప్పి తీసి, ఆ దారిలో ఇత్తడిది పెడితే తల తెగదు. పాత ఇనుప బందులు మాత్రం మార్చలేదు. తుప్పు గీకి, తుప్పుని గట్టిపరిచే ద్రావణం పూసి, రెడ్ ఆక్సైడ్, పైన నల్ల ఎనామిల్. అలాంటి పొడుగు పట్టీ బందులు ఇప్పుడు షాపుల్లో దొరకవు, దొరికేవి రేకు మందం.

పాత రంగు గీకడం దగ్గర జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత సీసం ఉందో చూసి చెప్పలేం. అందుకే పొడి శాండింగ్ పెట్టుకోలేదు. తడిపి స్క్రాపర్‌తో గీకాను, మాస్కు పెట్టుకున్నాను, పెచ్చులన్నీ కింద పరిచిన షీటు మీదే పడేలా చూశాను. పిల్లల్ని అటు రానివ్వలేదు. మంట పెట్టి కాల్చి గీకే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి.

పై పూత విషయంలో రెండు రెక్కల మీదా కావాలనే రెండు రకాలు వేసి చూశాను. ఎడమ రెక్కకి పారదర్శకమైన పీయూ (పాలియురెథేన్ వార్నిష్), కుడి రెక్కకి అవిసె నూనె. పీయూ మొదటి ఏడు చూసేవాళ్ళని ఆపేసేంత అందంగా ఉంది. రెండో వేసవికి పడమటి ఎండ దాన్ని తినేసింది. పైపొర తెల్లబారి, అప్పడంలా పెచ్చులు లేచింది. ఆ పెచ్చుల కిందకి చేరిన నీళ్ళు ఇక బయటికి రావు. మళ్ళీ వెయ్యాలంటే మొత్తం గీకాలి. నీడలో ఉండే తలుపుకి పీయూ మంచిదే, ఎండ మొహానికి మాత్రం దండగ. గీకేసి ముదురు ఆకుపచ్చ ఎనామిల్ వేశాను. రంగులో ఉండే పిగ్మెంటు ఎండని చెక్క దాకా పోనివ్వదు, అందుకే ఇది నిలుస్తోంది. అడుగు అంచున మాత్రం ఏటా జూన్‌కి ముందు ఒక చెయ్యి వేస్తాను.

కుడి రెక్క నూనె వేరే రకం. పెచ్చులు లేవవు, ఎందుకంటే పొరే లేదు. కానీ మన వానల్లో నల్లటి బూజు మచ్చలు వస్తాయి, చెక్క బూడిద రంగుకి తిరుగుతుంది. సబ్బునీళ్ళతో రుద్ది, ఆరాక గుడ్డతో మళ్ళీ నూనె పట్టిస్తే సరి, ఒక పూట పని. ఒక హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరవండి. ఇప్పుడు ఒక రెక్క ఆకుపచ్చ, ఒక రెక్క బూడిద. ఎదురింటి పెద్దాయన "ఏవండీ, ఆ రెక్కకి రంగు మర్చిపోయారేంటండీ?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

గోడల గురించి తక్కువ చెప్తాను. సున్నం గచ్చుతో కట్టిన ఇటుక గోడ మీద ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులూడేది. నడుమెత్తు దాకా కొట్టేసి సున్నం, ఇసుక ఒకటికి మూడు పాళ్ళలో పూశాను. ఇప్పుడూ అడుగున ఉప్పు తేలి పొడి రాలుతుంది, చీపురుతో తుడుస్తాను. పలకలు పలకలుగా ఊడటం మాత్రం ఆగింది.

చెదలకి గోడ మొదట్లో అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఉన్న చెదల మందు లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్ల లెక్కన పోశాను. చేతి తొడుగులు తప్పనిసరి, ఇంటికి బావి ఉంటే దాని దగ్గర్లో అసలు వద్దు. బాగానే పనిచేసింది. ద్వారబంధం గోడలోకి దిగే చోట మాత్రం మట్టి గీత మళ్ళీ కనిపిస్తే అక్కడ ఇంకోసారి పోశాను. టేకు చేవని చెద తొందరగా ముట్టదు గానీ తెల్ల చెక్క ఉన్న ముక్కని వదలదు. డిపోలో ముక్కలు ఏరుకునేటప్పుడు అంచున తెల్ల చార ఉంటే చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో ఇక్కడా జోరువాన. రెక్కలకి కింద నేలలో దిగే గడియ, పైన ద్వారబంధంలో దిగే గడియ రెండూ పెట్టి ఉండటంతో తలుపు కదల్లేదు. తలుపు కింద నుంచి వచ్చిన నీళ్ళు నాపరాళ్ళ మీద పారాయి. తర్వాత గడప బయట చిన్న వాలు గచ్చు పోయించాను.

ఖర్చు, నా కష్టం వదిలేస్తే, మొత్తం అరవై వేల దగ్గర ఆగింది. అందులో పెద్ద ముక్క టేకుకీ, తర్వాత స్క్రూలకీ పోయింది. చేతి చిత్రిక, మంచి ఉలి, డ్రిల్లింగ్ మెషీను ఉంటే చాలు. కరెంటు చిత్రిక కొన్నాను, అతుకుల దగ్గర తప్ప తియ్యలేదు.

పైకప్పు ఒక్కటే ఇంకా మిగిలింది. ఆ కాలపు సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా కోసినా రంధ్రం వేసినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే నేను రేకుల్ని ముట్టలేదు. కారేది రేకు కాదు, బోల్టుల దగ్గరి పాడైన వాషర్లు. వాటిని నిచ్చెన మీంచి తడిపి మార్చాను, కారడం ఆగింది. మొత్తం మార్చే పని వచ్చిన రోజున ఆ పని తెలిసిన వాళ్ళనే పిలుస్తాను. మీరు ఎక్కాల్సి వస్తే రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. ఏళ్ళు గడిచిన రేకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి బరువుకి ఒక్కసారిగా విరుగుతుంది. వాసాల మీద అడ్డంగా పలక వేసుకుని, కింద ఒకరిని నిలబెట్టుకుని ఎక్కండి.