గేర్ ఆయిల్ పంపు కొంటున్నారా? చల్లటి ఆయిల్‌తో చూపించే ప్రెజర్‌ని నమ్మొద్దు

పాత కంప్రెసర్లు, ప్రెస్సులు నడుపుకునే చిన్న యూనిట్ల వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మెషిన్ షాఫ్ట్‌తోనే తిరిగే లూబ్రికేషన్ పంపుల్లో అరిగిపోయినవాటికి రంగు కొట్టి, "కొత్తది, ఒరిజినల్‌కి ఏమాత్రం తీసిపోదు" అని అంటగడుతున్నారు. జీడిమెట్లలోని మా షెడ్డుకీ అలాంటిదే ఒకటి వచ్చింది.

మాది రెండు స్టేజీల పిస్టన్ ఎయిర్ కంప్రెసర్. క్రాంక్‌షాఫ్ట్ చివర, రెండు గేర్ల మధ్య ఆయిల్‌ని తోసే గేర్ పంపు ఉంటుంది. షాపులో దాన్ని బెంచీ మీద తిప్పి చూపించారు, గేజులో ముల్లు దర్జాగా నాలుగు కేజీల (చదరపు సెంటీమీటరుకు) ప్రెజర్ మీద నిలబడింది. మా దగ్గర బిగించాక కూడా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు అంతే. మధ్యాహ్నం ఆయిల్ బాగా వేడెక్కాక ముల్లు ఒక కేజీ కంటే కిందికి జారింది. ఆయిల్ ప్రెజర్ స్విచ్ మోటార్‌ని ఆపేసింది కాబట్టి క్రాంక్ దక్కింది. బిగ్ ఎండ్ బేరింగులకు (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండేవి) మాత్రం అప్పటికే గీతలు పడ్డాయి.

ఫోన్ చేస్తే "మీ ఆయిల్ పలచనండీ, ఇంకా చిక్కటిది పోయండి" అన్నారు. ఈ మాట అస్సలు వినకండి. చిక్కటి ఆయిల్‌ని చలికాలం పొద్దున పంపు సరిగ్గా లాగలేదు, బేరింగులు అసలు స్టార్టింగ్‌లోనే ఎండిపోతాయి.

పంపు విప్పితే విషయం బయటపడింది. కవర్ ప్లేట్ లోపలివైపు గేర్లు రాసుకున్న రెండు గుండ్రటి గాడులు, గోరు పెడితే తగులుతున్నాయి. కవర్ కింద పెట్టే గ్యాస్కెట్ కత్తెరతో కోసిన మందపాటి షీటు, దాంతో లోపలి సందు ఇంకా పెరుగుతుంది. ప్రెజర్ ఎక్కువైతే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు వెనక ఒక వాషర్ కూరారు, చల్లటి ఆయిల్‌తో గేజు బాగా లేవడానికి. బోల్టు కన్నాల్లో కొత్త రంగు కింద పాత రంగు కనిపిస్తూనే ఉంది.

గేర్ల పక్క ముఖానికీ కవర్‌కీ మధ్య సందు రెట్టింపైతే, అందులోంచి వెనక్కి కారే ఆయిల్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పైగా ఆయిల్ ఎంత పలచనైతే కారుడు అంత ఎక్కువ. వీజీ 150 గ్రేడు ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 150 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటే, 70 డిగ్రీలకు దాదాపు పావు వంతుకు పడిపోతుంది. చల్లటి ఆయిల్ తన చిక్కదనంతోనే సందుని మూసేస్తుంది కాబట్టి అరిగిన పంపు కూడా బెంచీ మీద పాసైపోతుంది.

అందుకే కొనేముందు వేడి ఆయిల్‌తో, మీ మెషిన్ స్పీడులో తిప్పి చూపించమనండి. కుదరదంటే కవర్ విప్పించండి. పంపు బాడీ అంచుల మీద, గేర్లకు అడ్డంగా స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారు అంచున్న పట్టీ) పెట్టి, కింద గేర్లకున్న సందుని ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉన్న పల్చటి రేకులతో) కొలవండి, దానికి గ్యాస్కెట్ మందం కలిపి మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. విప్పడానికే ఒప్పుకోని షాపులో కొనొద్దు. తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు కూడా చూడండి. "ఎటు తిప్పినా పనిచేస్తుంది" అనే మాట చాలా పంపుల విషయంలో అబద్ధం. దిక్కు మారితే అది బేరింగుల వైపు నుంచే లాగుతుంది, చుక్క ఆయిల్ పైకి రాదు.

బిల్లు గురించి కూడా చెప్పాలి. మాకిచ్చిన దాంట్లో "ఆయిల్ పంప్ - 1" అని మాత్రమే రాశారు. వ్యాపారం కోసం కొన్న సరుకు మామూలుగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు. సొంత జీవనోపాధికి కొని స్వయంగా వాడుకునేవాళ్లకే మినహాయింపు. మిగతావాళ్లకు 1930 నాటి వస్తు విక్రయ చట్టమే దిక్కు. ఏ పని కోసం కొంటున్నారో అమ్మేవాడికి ముందే చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొన్నారని చూపించగలిగితే ఆ చట్టంలోని 16వ సెక్షన్ ఆధారమవుతుంది. కాబట్టి ఆర్డర్ మీదే మెషిన్ మోడల్, ఆయిల్ గ్రేడు, స్పీడు, వేడిలో కావాల్సిన ప్రెజర్ రాసి సంతకం తీసుకోండి.

మేం లాయర్ ద్వారా నోటీసు పంపాం. పంపు, ఆ గ్యాస్కెట్, వాషర్ ఫొటోలతో సహా దాచి ఉంచాం. మీ దగ్గరా ఇలాంటి పంపు ఉంటే, విప్పేటప్పుడు వీడియో తీయండి, గ్యాస్కెట్ మాత్రం పారేయకండి.