డోర్నకల్ నుంచి మెదక్ దాకా: మా క్వైర్ ఐదు రోజుల తిరుగుడు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా గుంటూరు చర్చి యూత్ క్వైర్ (పాటల బృందం) ఐదు రోజులు తెలంగాణలో పాడుకుంటూ తిరిగొచ్చింది. పాడేవాళ్లం, వాయించేవాళ్లం కలిసి పదిహేను మంది, అయ్యగారు (మా పాస్టరు), ఆయన భార్య అమ్మగారు, ఒక 17 సీట్ల టెంపో ట్రావెలర్. లెక్కల పుస్తకం నా చేతిలో ఉంది కాబట్టి ఎక్కడ ఎంతయిందో, ఎక్కడ నిద్ర పట్టలేదో నాకే బాగా గుర్తు.

ముందు బండి సంగతి. కిలోమీటరుకి 24 రూపాయలు, డ్రైవర్ బత్తా రోజుకి 500 అని మాట్లాడుకున్నాం. తెలంగాణ టెంపరరీ పర్మిట్, ట్యాక్సు వేరే అన్న ముక్క చివర బిల్లులోనే కనిపించింది. అడిగితే "అందరికీ తెలిసిందే కదండీ" అన్నారు. మాకు తెలీదు. ఆంధ్రా బండిలో హద్దు దాటేవాళ్లు ముందే కాగితం మీద రాయించుకోండి. డ్రైవరన్న మాత్రం నెమ్మదైన మనిషి. ఏసీ వెయ్యమన్నప్పుడల్లా "పాడే గొంతులమ్మా, పట్టేస్తాయి" అని అద్దాలు తీయించేవాడు. గొంతుల కోసమో డీజిల్ కోసమో అడగలేదు.

విజయవాడ, ఖమ్మం మీదుగా మధ్యాహ్నానికి డోర్నకల్ చేరాం. రైల్లో పోయేవాళ్లకి ఇదొక జంక్షన్, అంతే. కానీ 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) బిషప్ అయిన అజరయ్య గారి మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, ఈ చిన్న ఊరే. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు. తెలుగు నేర్చుకుని, మనవాళ్లు మన రాగాల్లోనే ఆరాధించాలని పట్టుబట్టినాయన. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ని (బిషప్ గారి పెద్ద చర్చిని) ఎపిఫనీ పండగ రోజే, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. స్తంభాలు చూస్తే గుడి, గుమ్మటాలు చూస్తే మసీదు, లోపలికెళ్తే చర్చి. ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. మర్నాడు పొద్దున్నే మంచులో, కీబోర్డు లేకుండా, దాని పక్కన నిలబడి రెండు కీర్తనలు పాడాం. అమ్మగారు శాలువా కప్పుకుని ఆల్టో (ఆడవాళ్ల కింది స్వరం) వాళ్లకి శృతి అందించారు. ఐదు రోజుల్లో మేం శుద్ధంగా పాడింది అదొక్కసారే అని నా అభిప్రాయం. మా కీబోర్డు తమ్ముడు ఒప్పుకోడు.

అక్కడ పడక ఒక హాల్లో, జంపఖానాల మీద. బాత్రూములు రెండే. అయినా తెల్లారి నాలుగున్నరకే కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగలో వేణ్ణీళ్లు కాగుతున్నాయి. స్త్రీల సమాజం వాళ్లు పెట్టిన పప్పుచారు, వంకాయ కూర గురించి మగపిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు, రెండు వేలు కానుక పెట్టెలో వేసొచ్చాం.

రెండో రాత్రి మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె. మిరప కోతల రోజులు. చర్చికి ఆనుకునే కల్లం, టార్పాలిన్ల మీద ఎర్రగా ఆరబోసిన కాయలు. "మేం గుంటూరోళ్లం, మాకు మిరప ఘాటు లెక్కా" అన్న బాస్ (మగవాళ్ల కింది స్వరం) అన్నలు మొదటి పాటకే దగ్గు మొదలెట్టారు. దానికి తోడు లో-ఓల్టేజ్. మా కీబోర్డు తమ్ముడు పాటలన్నీ ఒకటి శృతిలో వాయించి, ట్రాన్స్‌పోజ్ (శృతి మార్చే) బటన్ నొక్కి పైకి జరుపుకునే రకం. రెండో చరణం మధ్యలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. కీబోర్డు ఆరి వెలిగి, ట్రాన్స్‌పోజ్ సున్నాకొచ్చేసింది. మేం రెండు శృతిలో, అది ఒకటి శృతిలో. వాడు బిక్కచచ్చిపోయి చేతులు తీసేశాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ ఏమీ జరగనట్టు కంజర అందుకుంది, ఊరంతా చప్పట్లు. ఇక కీబోర్డు మూసేశాం. రాత్రి ఇంటికి ఇద్దరు ముగ్గురం చొప్పున పడుకున్నాం. మా ఇంటావిడ తన దుప్పటి మాకిచ్చి, తను గోనెపట్టా కప్పుకుందని పొద్దున్న చూశాను.

వరంగల్, సిద్దిపేట మీదుగా మెదక్ పోవడానికి పగలంతా పట్టింది. చీకటి పడ్డాక చేరామేమో, ఆ రాత్రి మెదక్ చర్చి కిటికీల రంగు అద్దాలు కనబడలేదు. వాటికి వెలుగు ఎండే కాబట్టి మీరు పగలే వెళ్లండి. మెథడిస్టు మిషనరీ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. నూరడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు. ఆదివారం పొద్దున బలిపీఠం వెనక యేసు ఆరోహణం బొమ్మ ఉన్న కిటికీ వెలిగినప్పుడు మా సోప్రానో (ఆడవాళ్ల పై స్వరం) చెల్లెళ్లు నోరు తెరిచి చూస్తూ పాట ఎత్తుగడ మర్చిపోయారు.

ఆరాధన తర్వాత ఒక్క పాటకి అనుమతిచ్చారు. ఇంట్లో రిహార్సల్ చేసినట్టు మైకులో గట్టిగా పాడేసరికి ఎవరి మాట ఎవరికీ చేరలేదు. ఆ ఎత్తు కింద నెమ్మదిగా, మాట విడదీసి పాడాలని రెండో చరణానికి గాని తెలీలేదు. అప్పటికి పాటే అయిపోవచ్చింది.

అక్కడ బసకి మాత్రం సున్నా మార్కులు. మేం దిగిన లాడ్జిలో గదికి 1,200 తీసుకుని, వేణ్ణీళ్లు ఏడింటి తర్వాత అన్నారు, మేమేమో ఆరాధనకి అంతకుముందే బయల్దేరాల్సింది. కింద ఫంక్షన్ హాల్లో ఒంటిగంట దాకా డీజే. పొద్దున టెనర్లు (మగవాళ్ల పై స్వరం వాళ్లు) గొంతుల్లేకుండా లేచారు. మళ్లీ వెళ్తే నేనైతే డోర్నకల్లో రెండు రాత్రులుండి, మెదక్‌కి హైదరాబాద్ నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రానికి పోతాను. 95 కిలోమీటర్లే కదా.

సికింద్రాబాద్ బస శుభ్రం, మంచానికి 300, రాత్రి తొమ్మిదిన్నరకి గేటు మూత. చెప్పుకోడానికి ఇంకేం లేదు.

తిరుగు దారిలో నార్కెట్‌పల్లి దాటాక ఎండెక్కింది. అమ్మగారు అడిగేసరికి డ్రైవరన్న కాదనలేక ఐదు రోజుల్లో మొదటిసారి ఏసీ వేశాడు. పల్లెలో పెద్దమ్మ "గుంటూరోళ్లకి మిరపకాయలిస్తే నవ్వుతారేమో" అంటూనే కట్టిచ్చిన రెండు కిలోల సంచి సరిగ్గా ఆ గాలి ముందు పెట్టి ఉంది. పిడుగురాళ్ల దాకా తుమ్ములే.