మూడు గీతల మెనూనా, కింద బటన్ల వరసా? ఫోన్‌లో చూసేవాళ్ళకి ఏది మేలు

చిన్న షాపుకో టిఫిన్ సెంటర్‌కో సైట్ చేసేటప్పుడు మొదట వచ్చే తగువు ఇదే, మెనూ ఎక్కడ పెట్టాలి. పైన మూలన మూడు గీతలు పెట్టి అన్నీ అందులో సర్దేయడమా, లేకపోతే స్క్రీన్ కింద నాలుగు బటన్లు ఎప్పుడూ కనపడేలా ఉంచడమా.

మూడు గీతల గుర్తు ఇప్పటిది కాదు, 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసింది. ఫోన్ల కాలంలో మళ్ళీ ఊపందుకుంది ఎందుకంటే జాగా కలిసొస్తుంది, పదిహేను లింకులున్నా ఇమిడిపోతాయి, పేజీ నీట్‌గా ఉంటుంది. చిక్కేంటంటే లోపల ఏముందో నొక్కేదాకా తెలీదు. మా పిన్ని పచ్చళ్ళ సైట్ నేనే చేశా, మొదట గీతలే పెట్టా. పెద్దమ్మకి ఫోన్ ఇచ్చి "ఆవకాయ కిలో ఎంతో చూడు" అంటే పేజీని పైకీ కిందకీ జరిపి జరిపి "రేట్లు పెట్టలేదేంట్రా" అంది. రేట్లు ఉన్నాయి, గీతల వెనకాల. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

ఇంకోటి, బొటనవేలు. జనం ఫోన్ ఎలా పట్టుకుంటున్నారో స్టీవెన్ హూబర్ అనే మొబైల్ డిజైనర్ బయట తిరిగి గమనించి 2013లో రాశాడు, స్క్రీన్ తాకుతూ వాడేవాళ్ళలో 49 శాతం ఒంటిచేత్తోనే. ఇప్పటి పెద్ద ఫోన్లలో ఆ వేలికి పై మూల అందడం కష్టం, కింద వరస హాయిగా అందుతుంది.

కానీ కింద వరసకీ హద్దుంది. 360 పిక్సెల్స్ వెడల్పు స్క్రీన్‌లో నాలుగు బటన్లైతే ఒక్కోదానికి 90, ఐదైతే 72. ఇక్కడే తెలుగుతో అసలు పని. "మమ్మల్ని సంప్రదించండి" అని రాస్తే రెండు లైన్లై పక్క బటన్ మీదికి పోతుంది, "ఫోన్" చాలు. "ఉత్పత్తులు" ఎందుకు, "పచ్చళ్ళు" అనండి. "ధరల పట్టిక" కాదు "రేట్లు". ఇంకో సంగతి, ఇంగ్లీష్ కోసం పెట్టిన లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) అలాగే వదిలేస్తే "పచ్చళ్ళు"లో కింది వత్తులు తెగిపోతాయి, నేనైతే అక్షరం సైజుకి 1.6 రెట్లకంటే తగ్గించను. అక్షరాలు లేకుండా బొమ్మలొక్కటే పెట్టొద్దు, ఇల్లూ ఫోనూ తప్ప మిగతా గుర్తులు అందరికీ అర్థం కావు. బటన్ సైజు ఆపిల్ 44 పాయింట్లు అంటుంది, ఆండ్రాయిడ్ 48 డీపీ (పాయింట్‌లాగే స్క్రీన్ మీద కొలత) అంటుంది, సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణం, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, కనీసం 24 పిక్సెల్స్ అంటుంది, ఆ 24 మాత్రం పెద్దవాళ్ళ వేళ్ళకి చాలదు. అడ్రస్ నింపే పేజీలో వరస తీసేయండి, కీబోర్డ్ పైకొచ్చాక మిగిలే కాస్త జాగాకీ అది అడ్డమే.

న్యూస్ సైటో కాలేజీ సైటో అయితే ముప్పై విభాగాలుంటాయి, అక్కడ గీతలు తప్పవు, అయినా ఎక్కువమంది వెతికే మూడు మాత్రం బయటే ఉంచాలి. కంప్యూటర్ స్క్రీన్‌కి ఈ రెండూ వద్దు, అంత వెడల్పు పెట్టుకుని దాచడం దేనికి, పైన వరసగా రాసేయడమే.

చిన్న సైట్‌కి నా ఓటు కింద వరసకే. పిన్ని సైట్‌లో ఇప్పుడు హోమ్, పచ్చళ్ళు, రేట్లు, ఇంకా అని నాలుగున్నాయి. పెద్దమ్మకి మళ్ళీ ఇచ్చా, ఆవకాయ రేటు వెంటనే చెప్పేసింది, ఆ వెంటనే "ఫోన్ నంబర్ ఏదిరా" అంది. అది "ఇంకా" లోపల ఉంది. ఆ సాయంత్రమే నంబర్‌ని వరసలోకి తెచ్చి, "హోమ్" తీసేసి ఆ పని పైన లోగోకి అప్పగించా.