గాంధీ జయంతి ప్రసంగానికి దండీనా, చంపారనా?

హైదరాబాద్ లంగర్‌హౌజ్‌లోని గాంధీ స్మారకం బాపూఘాట్ చూసొచ్చిన పిల్లలు మాట్లాడతామంటే, ఏది ఎంచాలి?

శ్రమ: దండీ తేలిక. 1930 మార్చి 12న సబర్మతి నుంచి నడక, ఏప్రిల్ 6న చేతిలో ఉప్పు. చిన్నపిల్లలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు.

బీహార్‌లోని చంపారన్ కథకు నీలిమందు సాగు తెలియాలి: ఇరవై కట్ఠాల (కట్ఠా అక్కడి భూమి కొలత) పొలంలో మూడు కట్ఠాలు రైతు నీలికే ఇవ్వాలి. 1917లో ఆ రైతుల బాధలు తెలుసుకోడానికి వెళ్లిన గాంధీని అధికారులు జిల్లా విడిచి పొమ్మంటే, ఆయన మోతీహారి కోర్టులో నిలబడి పోనన్నారు, శిక్షకు సిద్ధమన్నారు. చివరికి ప్రభుత్వమే కేసు ఎత్తేసింది. ఆ ధైర్యం పిల్లలకు తప్పక చెప్పాలి.

ఖర్చు: రెండింటికీ ఆబిడ్స్‌లో ఆదివారం దొరికే పాత పుస్తకాలు చాలు.

చిక్కు: దండీ అందరూ చెప్పేదే. చంపారన్ సాగదీస్తే సభ విసుగుపడుతుంది.

ఐదో తరగతి లోపు దండీ. హైస్కూలు పిల్లలకు, ఐదు నిమిషాలు దొరికితే, చంపారనే.