పనికి ల్యాప్‌టాప్: షోరూమ్‌లో కొత్తదా, ఎస్‌పీ రోడ్డులో కంపెనీ వాడి వదిలినదా?

కొన్ని నెలలుగా ఒకటే ప్రశ్న, అడిగే మనుషులే వేరు. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ నడిపే అనంతపురం ఆయన అడిగాడు. కేఆర్ పురంలో ఇంటి నుంచే జీఎస్టీ రిటర్నులు వేసే చెల్లెలు అడిగింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పని పెట్టుకున్న కుర్రాడైతే కనబడినప్పుడల్లా అడుగుతున్నాడు. “అన్నా, చేతిలో 55 వేలున్నాయి. సేల్‌లో కొత్తది కొట్టేయమంటావా, ఎస్‌పీ రోడ్డుకెళ్ళి కంపెనీ వాడిన థింక్‌ప్యాడో లాటిట్యూడో తెచ్చుకోమంటావా?” ఎస్‌పీ రోడ్డంటే బెంగళూరులో కంప్యూటర్లూ వాటి విడిభాగాలూ అమ్మే బజారు. థింక్‌ప్యాడ్ లెనోవోది, లాటిట్యూడ్ డెల్‌ది, రెండూ కంపెనీలు కొనే బిజినెస్ మోడల్స్.

ర్యామ్ ఎంత ఉండాలి, ఎస్‌ఎస్‌డీ ఎంత ఉండాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. తూకం వేయాల్సినవి ముఖ్యంగా రెండు: షోరూమ్‌లో దొరికే కొత్త హోమ్ ల్యాప్‌టాప్, కంపెనీలు అద్దెకి (లీజుకి) తీసుకుని వాడి, గడువు తీరాక బయటికొచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్. ఇంకాస్త డబ్బుంటే సరికొత్త బిజినెస్ ల్యాప్‌టాప్ మూడోది.

కాగితం మీద చూస్తే కొత్తదే గెలుస్తుంది. కొత్త ప్రాసెసర్, తాజా బ్యాటరీ, తక్కువ బరువు, ఏడాది వారంటీ, పెట్టె విప్పే సరదా. స్క్రీన్ విషయంలోనూ చాలాసార్లు కొత్తదే మేలు. కంపెనీలు వేలల్లో కొనేటప్పుడు తరచూ చవక ప్యానెల్‌తోనే సరిపెడతాయి. 250 నిట్స్ వెలుతురు, వెలిసిపోయిన రంగులు. ఎక్సెల్ షీట్లకి ఫరవాలేదు గానీ డిజైన్ కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. అయితే కొత్తది అన్న మాటలోనూ మెలిక ఉంది. రైజెన్ 5 7520యూ అని స్టిక్కర్ కనిపిస్తే 7 వేల సిరీస్ కదా అని మురిసిపోతాం. లోపలున్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్. పైగా ఆ చిప్‌తో వచ్చే ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే.

ఇవన్నీ నా దృష్టిలో రెండో వరస విషయాలు. దాని మీదే బతికేవాళ్ళ ల్యాప్‌టాప్‌కి నేను అడిగేది ఒక్కటే: అది ఆగిపోయిన రోజు ఎవరు బాగుచేస్తారు, ఎన్ని గంటల్లో? సినిమాలు చూసుకునే ల్యాప్‌టాప్ వారం పాటు సర్వీస్ సెంటర్‌లో పడున్నా కొంపలేమీ మునగవు. నెల నెలా 20వ తేదీలోపు జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను వేయాల్సిన మనిషికి 18న మెషీన్ మొరాయిస్తే ఆ టెన్షన్ వేరు. క్లయింటుకి లేట్ ఫీజు పడితే మాట పడేది మన చెల్లెలే.

హోమ్ ల్యాప్‌టాప్‌లు తరచూ దెబ్బతినేది హింజ్ దగ్గర, అంటే మూతని కింది భాగానికి కలిపే మడత బందు దగ్గర. మూత లోపలివైపు ప్లాస్టిక్‌లో చిన్న చిన్న ఇత్తడి బుష్‌లు దిగేసి ఉంటాయి, హింజ్ స్క్రూలు వాటిలోకే బిగిస్తారు. తెరిచీ మూసీ కొన్నాళ్ళకి హింజ్ బిగుసుకుపోతుంది. ఇక మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ప్లాస్టిక్ మీదే. ఒకరోజు టప్‌మని బుష్ ఊడొస్తుంది, స్క్రీన్ మూల నోరు తెరుస్తుంది. ఇప్పుడు మూత ప్యానెల్ మార్చాలి. మోడల్ పేరు చివర ఉండే ఆ పొడుగాటి అక్షరాలూ అంకెలూ కలిసే ప్యానెలే కావాలి. దొరక్కపోతే రిపేరు కుర్రాడు ఎపాక్సీ పెట్టి అతికించి, “మెల్లగా తెరవండి సార్” అని చేతిలో పెడతాడు. కీబోర్డు కథా అంతే. చాలా మోడల్స్‌లో దాన్ని పామ్‌రెస్ట్‌కి (అరచేతులు ఆనే పైభాగానికి) ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు కాబట్టి నాలుగు మీటలు పోతే పైభాగం మొత్తం మార్చమంటారు.

అలాగని బిజినెస్ ల్యాప్‌టాప్ పగలదు, చెడిపోదు అనడం లేదు. మిలిటరీ టెస్ట్ స్టిక్కర్లు ఇప్పుడు హోమ్ మోడల్స్ మీదా అంటిస్తున్నారు. అసలు తేడా సంఖ్యలో ఉంది. మాన్యతా టెక్ పార్కులోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఒక పెద్ద కంపెనీ ఒకే మోడల్‌ని గుత్తగా తీసుకుంటుంది. మూడు నాలుగేళ్ళకి లీజు తీరగానే అవి గుంపుగా బయటికొస్తాయి. బాగున్నవి తుడిచి అమ్మకానికి పెడతారు. స్క్రీన్ పగిలినవీ బోర్డు కాలినవీ విప్పి విడిభాగాలుగా అమ్ముతారు. అందుకే లాటిట్యూడ్ 5420కో థింక్‌ప్యాడ్ టీ480కో కీబోర్డు కావాలంటే ఎస్‌పీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగితే చేతికొస్తుంది. ఒకప్పుడు అంబాసిడర్ కారుకి ఏ ఊళ్ళోనైనా పార్టు దొరికినట్టే ఇదీ. దానికి తోడు లెనోవో, డెల్, హెచ్‌పీ మూడూ తమ బిజినెస్ మోడల్స్‌కి ఏ స్క్రూ ఎక్కడుందో, దేని తర్వాత ఏది విప్పాలో చెప్పే మాన్యువల్స్ తమ సైట్లలోనే పెడతాయి. టీ480లో అయితే వెనక బ్యాటరీ రెండు లాచ్‌లు జరిపితే ఊడొస్తుంది. లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది తీసినా మెషీన్ ఆగదు.

చాలామంది వేయని లెక్క ఇంకొకటుంది. వాడిన బిజినెస్ ల్యాప్‌టాప్ ధర, పనికొచ్చే కొత్త హోమ్ ల్యాప్‌టాప్ ధరలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఆ 55 వేలలో కాస్త బేరమాడితే ఒకే మోడల్‌వి రెండు రావచ్చు. ఒకటి టేబుల్ మీద, ఇంకొకటి బీరువాలో. మొదటిది ఆగిన రోజు వెనక మూత తీసి, ఎస్‌ఎస్‌డీ విప్పి రెండోదాంట్లో పెడితే మెయిలూ ఫైళ్ళూ ఎక్కడివక్కడే లేస్తాయి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే బోర్డు మారిందని కనిపెట్టి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది ముందే ప్రింట్ తీసి పెట్టుకోవాలి. టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు లైసెన్స్ మళ్ళీ యాక్టివేట్ చేయమనవచ్చు. ఎలా చూసినా పూటలో తేలే పని. పోయింది ఎస్‌ఎస్‌డీయే అయితే మాత్రం రెండు కాదు, పది ల్యాప్‌టాప్‌లున్నా లాభం లేదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు. పీజీ ఆయనకి ఈ సలహా తెగ నచ్చింది. రెండోది ఇంట్లో పిల్లాడి చదువుకి ఇచ్చేస్తాడేమో అన్నది వేరే సంగతి.

ఇక ఎస్‌పీ రోడ్డు. పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు, టౌన్ హాల్ దగ్గర. ఇక్కడ భయపడాల్సింది గీతలకీ సొట్టలకీ కాదు, ఆ మెషీన్ ఇంకా పాత కంపెనీదేనేమో అన్నదానికి. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లని విండోస్ ఆటోపైలట్‌లో, అంటే వాటిని నెట్ ద్వారా తమ అదుపులో సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటులో, నమోదు చేసుకుంటాయి. వదిలించుకునేటప్పుడు ఐటీ వాళ్ళు ఆ పేరు తీసేయడం మరిచిపోతే, ఎన్నిసార్లు విండోస్ వేసినా సెటప్‌లో నెట్ తగిలించగానే ఆ కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తుంది. షాపులో నెట్ లేకుండా సెటప్ చేసి పెడితే అది బయటపడదు. కాబట్టి డబ్బు కట్టకముందే అక్కడే రీసెట్ కొట్టించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. “టైమ్ పడుతుంది సార్, ఇంటికెళ్ళి చూసుకోండి” అంటారు. పట్టనివ్వండి, పక్కన కాఫీ దొరుకుతుంది.

అది అయ్యాక బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల మెనూ) కూడా చూడాలి. ఆన్ చేస్తూ థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. లోపలికెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్ అడిగినా, సెట్టింగులు బూడిద రంగులో ఉండి మార్చనివ్వకపోయినా ఆ మెషీన్ వదిలేయండి. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే లెనోవో చెప్పే దారి బోర్డు మార్చడమే. సెక్యూరిటీ పేజీలో అబ్సొల్యూట్ లేదా కంప్యూట్రేస్ అన్నది యాక్టివేట్ అయి ఉన్నా అంతే. అది దొంగతనం పోయిన ల్యాప్‌టాప్‌ని వెతికే ఏర్పాటు. ఇలాంటిది ఎంత తక్కువకి ఇచ్చినా అసలుకే ఎసరు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. దాన్ని కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో చూపిస్తుంది, “ఏ గ్రేడ్ సార్, ఒక్క ఏడాదే వాడారు” అన్న మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. బ్యాటరీకి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీయవచ్చు. తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండేది పక్కపక్కనే ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించమనండి.

ప్రాసెసర్ జనరేషన్ (తరం) విషయంలో మొహమాటం వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8వ జనరేషన్ కంటే పాతవాటిలో చాలా కొద్దిటికి తప్ప విండోస్ 11 అధికారికంగా రాదు. 6, 7 జనరేషన్లకి కూడా ఎలాగో ఎక్కించి అమ్ముతున్నారు, చవక అని వెళ్ళకండి. నన్నడిగితే 8 కూడా గీత మీద ఉన్నట్టే. 10, 11 చూడండి. 11లో లాటిట్యూడ్ 5420, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ8 రెండింటికీ రెండేసి ర్యామ్ స్లాట్లుంటాయి. థింక్‌ప్యాడ్ టీ14కి కొంత ర్యామ్ బోర్డు మీద, దానికి తోడు ఒక స్లాట్. లాటిట్యూడ్ 7420, టీ14ఎస్, ఎక్స్1 కార్బన్ చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది గానీ ర్యామ్ మొత్తం అతికిందే. బాగుచేయించుకోవడం కోసమే ఈ దారిలోకి వచ్చాక సన్నదనానికి లొంగడం దేనికి?

మూడోది, కొత్త బిజినెస్ ల్యాప్‌టాప్. ఇందులో మీరు ఎక్కువ పెట్టి కొనేది మెషీన్‌ని కాదు, ఆన్‌సైట్ వారంటీని. మూడేళ్ళకి తీసుకుంటే ఇంజనీరు పార్టు పట్టుకుని మీ టేబుల్ దగ్గరికే వస్తాడు. మరుసటి పనిదినం అని రాసి ఉన్నా, ఆ లెక్క ఫోన్‌లో సమస్య తేల్చాక మొదలవుతుంది. మూడేళ్ళ వారంటీ ఉన్నా బ్యాటరీకి మామూలుగా ఏడాదే. కాఫీ ఒలికితే, కింద పడితే దానికి వేరే ప్లాన్. ఇంకొంచెం కడితే పాడైన ఎస్‌ఎస్‌డీని వాళ్ళకి ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకునే సదుపాయమూ ఉంది. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలు పెట్టుకునే చెల్లెలు లాంటివాళ్ళకి ఇది పనికొస్తుంది. జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లులోని 18 శాతం క్రెడిట్ తీసుకోవచ్చు, చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకి తరుగుదల 40 శాతం. కింద ఇద్దరు ముగ్గురు పనివాళ్ళుండి, ఎస్‌పీ రోడ్డు తిరిగే ఓపిక లేనివాళ్ళు కళ్ళు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. ఒక్క మనిషి వ్యాపారానికి మాత్రం నా ఓటు లీజు తీరినదానికే.

మ్యాక్‌బుక్ ఎయిర్ గురించీ అడుగుతున్నారు. మంచి మెషీనే, డిజైన్ కుర్రాడు కొనుక్కోవచ్చు. టాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ రోజూ వాడేవాళ్ళకి విండోసే సుఖం. అద్దెకిచ్చేవాళ్ళూ ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు, రెండు మూడు నెలల ప్రాజెక్టు దాటితే గిట్టుబాటు కాదు.

ఏది తెచ్చినా మొదటి రోజు చేయాల్సినవి కొన్నున్నాయి. వాడినదైతే షాపువాడు వేసిన విండోస్‌ని అలాగే ఉంచకండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని శుభ్రంగా మళ్ళీ వేయండి. ప్రో లైసెన్స్‌తో వచ్చిన మెషీన్ అయితే కీ బయోస్‌లోనే ఉంటుంది, నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. బిట్‌లాకర్ ఆన్ చేసి ఆ 48 అంకెల కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంటి పత్రాలతో పెట్టండి. రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచే అలవాటుంటే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. బిజినెస్ మోడల్స్‌లో ఈ వీలు దాదాపు అన్నిటికీ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ వైఫై రౌటర్ పడుకుంటుంది, దానికో చిన్న యూపీఎస్ కూడా తెచ్చుకోండి.

ఎస్‌పీ రోడ్డుకి ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసే ఉంటాయి. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే షాపువాడికి తీరిక ఉంటుంది, రీసెట్ కొట్టమన్నా విసుక్కోడు. కారు తీసుకెళ్తే పార్కింగ్ కోసమే గంట పడుతుంది. గ్రీన్ లైన్‌లో కేఆర్ మార్కెట్ స్టేషన్లో దిగి నడవండి.