నాలుగు చాకులు కొన్నాక జేబులో నిలిచింది ఒక్కటే

నా దగ్గర మడత చాకులు నాలుగున్నాయి. మూడు సొరుగులో, ఒకటి జేబులో. జేబులో ఉన్నది అన్నిటికంటే చిన్నది. తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాక్ లేదు, ఒక చేత్తో తెరుచుకోదు, చూసినవాళ్లెవరూ 'అబ్బో' అనరు. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే క్యాడెట్ అది. ఏడేళ్ల కిందట, నేను ఈ పిచ్చిలో పడ్డ కొత్తలో, చివరికి దీని దగ్గర ఆగుతావని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకునేవాణ్ణి.

అప్పట్లో నా ధ్యాసంతా లాక్ మీదే. మొదట కొన్నది నల్ల పిడి, తొమ్మిది సెంటీమీటర్ల బ్లేడు, వేలితో నొక్కితే టక్కున తెరుచుకునే రకం. ఏ కంపెనీదన్నది వదిలేద్దాం. దానిది లైనర్ లాక్. అంటే, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే పిడి లోపలి సన్నటి లోహపు రేకు పక్కకి జరిగి బ్లేడు మొదలుకి అడ్డం పడుతుంది. ఏడాదిన్నర బాగానే పనిచేసింది. ఓ సాయంత్రం ప్లాస్టిక్ డబ్బా మూతలో మొన గుచ్చి మెలితిప్పాను. రేకు జారింది. బ్లేడు వచ్చి చూపుడువేలి మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. తర్వాత వెలుతురులో పట్టుకుని చూస్తే, ఆ రేకు బ్లేడు మొదలుకి అంచున మాత్రమే ఆనుతోంది. ముందే చూసుకోవాల్సింది. అసలు మొనతో మెలితిప్పడమే తప్పు, అది నా మీదే వేసుకుంటాను.

ఆ దెబ్బతో ఒకటి అర్థమైంది. లాక్ ఉందన్న ధీమాతో చాకుతో చేయకూడని పనులు చేస్తున్నాను. క్యాడెట్ లాంటివాటిలో వెనక స్ప్రింగు ఒత్తిడి తప్ప బ్లేడుని పట్టి ఉంచేది ఏమీ లేదు. అందుకే చెయ్యి దానంతట అదే జాగ్రత్తపడుతుంది: అంచు వైపు బలం పెడుతుంది, వెన్ను వైపు ఎప్పుడూ నెట్టదు.

క్యాడెట్ కంటే ముందు ఓపినెల్ నంబర్ 8 మీద మనసు పడింది. అందానికైతే ఇప్పటికీ నా ఓటు దానికే. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890 నుంచి చేస్తున్న చాకు అది. బీచ్ చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పల్చటి బ్లేడు, బ్లేడుని బిగించడానికి తిప్పే ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది. నాది కార్బన్ స్టీలుది. మొదటిరోజు ఆపిల్ కోస్తే గంటలో బ్లేడు మీద నీలం, బూడిదరంగు మరకలు తేలాయి. తుప్పేమోనని కంగారుపడి తోమాను కూడా. తోమాల్సింది కాదు, ఆ పొరే ఎర్ర తుప్పు తొందరగా పట్టకుండా కొంత కాపాడుతుంది. చెక్క కదా, తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. అప్పుడు పిడి చివరని బల్ల అంచుకి టపీమని కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. సవోయ్ వాళ్ల కిటుకట ఇది, పేరు కూడా వాళ్లదే పెట్టుకున్నారు. ఇంత ముచ్చటైనదాన్ని జేబులో ఎందుకు పెట్టుకోలేదంటే, గుండ్రటి పిడి జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, చెమట తగిలితే కార్బన్ స్టీలుకి బెంగ. పళ్లు కోయడానికి దాన్ని మించింది లేదు కాబట్టి సొరుగైతే సొరుగు, అది మాత్రం వంటింటి సొరుగులో ఉంటుంది.

మూడోది జేబుకి తగిలించే క్లిప్పు, బ్లేడులో వేలు ఆనించి తెరిచే గుండ్రటి రంధ్రం ఉన్నది. ఈ రెండింటినీ ఒకే చాకులోకి తెచ్చింది 1981లో స్పైడర్కో అనే కంపెనీ. ఒక చేతిలో సామానుంటే రెండో చేతి బొటనవేలితో తెరవడం నిజంగా సుఖమే. కానీ నాకు ఆ అవసరం నెలకోసారి వస్తే గొప్ప.

ఇక క్యాడెట్. మూస్తే 84 మిల్లీమీటర్లు, బరువు 46 గ్రాములు. గళ్లగళ్ల అల్యూమినియం పిడి. జేబులో తాళాల పక్కన పడి ఉంటుంది, ఉన్నట్టే తెలియదు. పార్సెల్ టేపు, చొక్కా దారం, మాత్రల షీటు, వైరు తొడుగు, రోజూ పడేది ఇలాంటి పనులే. విచిత్రమేమిటంటే బ్లేడు కంటే ఎక్కువగా వాడేది దాంట్లోనే ఉన్న డబ్బా ఓపెనర్ కొనని. అది ప్లస్ స్క్రూలలో చక్కగా కూర్చుంటుంది. కత్తెర లేకపోవడం లోటే. గోళ్లు కత్తిరించుకున్న రోజున బ్లేడు తెరవాలంటే కాస్త పాట్లు పడాలి.

దీని స్టీలు మెత్తన అంటారు. నిజమే, కాఠిన్యం రాక్‌వెల్ అనే కొలతలో 56 దగ్గర ఉంటుంది. నాలుగు అట్టపెట్టెలు కోస్తే పదును తగ్గినట్టు తెలిసిపోతుంది. అయితే అంతే తొందరగా తిరిగొస్తుంది కూడా. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద పదిహేను, ఇరవై డిగ్రీల వాలులో చెరోవైపు పదేసి సార్లు లాగుతాను. బొటనవేలిని అంచుకి అడ్డంగా, ఆనీ ఆననట్టు జరిపితే ఒకవైపు గరగరమంటూ సన్నటి రేకు తగులుతుంది. అది తగిలిందంటే అంచు దాకా అరిగిందని లెక్క. ఆ రేకు పోయేదాకా తోలు బెల్టు మీద వెనక్కి లాగాలి. న్యూస్‌పేపరు చప్పుడు లేకుండా తెగితే పని అయినట్టే. గట్టి స్టీళ్లతో ఇదే పనికి నాకు గంట పట్టేది, ఓపిక ఉండేది కాదు. పదును లేని ఖరీదైన చాకుతోనే నెలలు గడిపేవాణ్ణి.

చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి, కొనేముందు మీ దగ్గరివి చూసుకోండి. బ్రిటన్‌లో, ఉదాహరణకి, కారణం చూపకుండా వెంట ఉంచుకోవాలంటే మడిచేది అయ్యుండాలి, లాక్ ఉండకూడదు, బ్లేడు అంచు 3 అంగుళాలు దాటకూడదు. క్యాడెట్ అందులో ఇమిడిపోతుంది, నా మొదటి చాకు ఇమడదు.

విమానంలో చేతి సంచీలో మాత్రం పెట్టకండి. పోయినేడాది నేను మర్చిపోయి తీసుకెళ్లాను. స్కానర్ దగ్గర ఆపారు. బ్యాగు చెక్-ఇన్‌లో వేసే టైం లేదు, డబ్బాలో పడేసి వచ్చాను. ఏళ్లుగా అరిగి అంచులన్నీ నున్నగా మెరుస్తున్న చాకు. ఊరు చేరిన మూడోరోజే అదే మోడల్ ఆర్డర్ పెట్టాను, సొరుగులో మూడున్నాయన్న సంగతి తట్టనేలేదు. కొత్తదాని స్ప్రింగు ఇంకా బిగుతుగానే ఉంది. తెరిచినప్పుడల్లా గోరు సలుపుతోంది.